లేయమ్మ చొక్కా

తీతుకు ఆ వారమంతా అన్నం సయించలేదు. వచ్చే ఆదివారం పరంజ్యోతి అయ్యగారు సంఘాన్ని అతని చేతిలో పెట్టబోతున్నారు. ఐదేళ్లు ఆయన దగ్గర శిష్యరికం చేశాడు. ఐదేళ్లలో తన తెల్లబట్టల మీద ఒక్క మరక పడనివ్వలేదు. అంతా సవ్యంగా జరిగిపోవలసిన సమయంలో మందిరం కిటికీ బయట ఒక మనిషి కూర్చుని ఉంది. రెండు నెలలుగా ప్రతి ఆదివారం అక్కడే కూర్చుంటోంది.

ఆ మనిషి పేరు లేయమ్మ. మిరప కోతల కూలి.

బొగ్గరపాడులో వీళ్లని తెల్లబట్టల సంఘం అంటారు. ఆదివారం పేటలోంచి అందరూ కలిసి నడిచి వస్తుంటే కొంగల గుంపు దిగినట్టుంటుంది. ఆడవాళ్లకు తెల్లచీర, మగవాళ్లకు తెల్ల జుబ్బా, పంచె. పూలు పెట్టుకోరు, గాజులు వేసుకోరు. నలభై ఏళ్ల కింద పరంజ్యోతి అయ్యగారు ఈ ఊరొచ్చి, పదకొండు మందితో పాకలో ప్రార్థనలు మొదలుపెట్టినప్పుడు ఆయనే ఈ పద్ధతి పెట్టారు. ఆసామి ఎవరో కూలి ఎవరో దేవుడి ముందు తేడా కనపడకూడదు, అందరం ఒకే రంగు కడదాం అన్నారు. మంచి మాట. దానికి ఎవరూ కాపలా ఉండనన్నాళ్లూ మంచిగానే నడిచింది.

రెండేళ్ల కింద అయ్యగారికి మోకాళ్లు పట్టేశాయి. ఆయన మంచం దిగలేని రోజుల్లో వాకిలి బాధ్యత తీతు తీసుకున్నాడు. గుమ్మం పక్కన ఒక చెక్కపెట్టె పెట్టాడు, గాజులూ కమ్మలూ తీసి అందులో వెయ్యడానికి. గోడకు కొక్కేలు కొట్టి మూడు తెల్లచీరలు తగిలించాడు, రంగుచీరతో వచ్చినవాళ్లు పైన చుట్టుకోవడానికి. ఆ కొక్కెం చీర చుట్టుకున్న మనిషిని పేట ఆ రోజంతా ఎలా చూస్తుందో అతను ఎప్పుడూ ఆలోచించలేదు. పాపం, తీతులో కల్మషం లేదు. అదే వచ్చిన చిక్కు. కల్మషం ఉన్నవాడైతే ఎక్కడో ఒకచోట మొహమాటపడేవాడు.

ఫిబ్రవరిలో కోతలు ముమ్మరమయ్యాయి. కోతల్లో కూలివాళ్లకు ఆదివారం ఉండదు. తెల్లారకముందే ఆటోలో చేలకు పోయి, పదింటికి కాసేపు విడిపించుకుని మందిరానికి వచ్చి, మళ్లీ పోతారు. మిగతా ఆడవాళ్లు ఇంటికి పరిగెత్తి, నాలుగు చెంబులు పోసుకుని, తెల్లచీర చుట్టుకుని వచ్చేవాళ్లు. లేయమ్మ ఇల్లు పేట చివర, వాగు అవతల. ఆమె తిన్నగా చేలోంచే వచ్చింది. చీర మీద పొడుగు చేతుల మగ చొక్కా, తలకు తువ్వాలు.

తీతు గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"చొక్కా తీసి రామ్మా."

"ఏ చొక్కా?"

"నీ ఒంటి మీదిదే. ఆడవాళ్లు మగవాళ్ల బట్ట తొడగకూడదని వాక్యం ఉంది. అది తీసేసి, అదిగో, ఆ చీర చుట్టుకుని లోపలికి రా."

లేయమ్మ కొక్కెం వైపు చూసింది. తర్వాత అతన్ని చూసింది.

"చిన్నయ్యగారూ, మిరపచేలో ఎప్పుడన్నా వంగారా?"

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఉంది. పొద్దున్నించి సాలెంబడి వంగి కోస్తా ఉంటే పైట నిలవదు. గట్టు మీద మేస్త్రి నిలబడి ఉంటాడు. ఆసామి నిలబడి ఉంటాడు. దోవన పోయేవాళ్లు కూడా పనున్నట్టు నిలబడతారు. ఈ చొక్కాకి మెడదాకా గుండీలు పెట్టుకుంటే ఎవుడి కళ్లు ఆడి దగ్గరే ఉంటయి. సిగ్గు, సిగ్గని మీరు వాక్యం చెబుతారే, మా సిగ్గు ఇదేనండీ."

"చేలో వేసుకో, నేను కాదనను. ఇక్కడ తియ్యి."

"తీస్తాను. ఇంటికి పోయి తీస్తా, వాగు కాడ తీస్తా. ఇక్కడ మీరు తియ్యమంటే మటుకు తియ్యను. తీస్తే ఇది తప్పని నేనే ఒప్పుకున్నట్టు."

అంతటితో ఇంటికి వెళ్లిపోయి ఉంటే తీతు బతికిపోయేవాడు. ఆమె వెళ్లలేదు. మందిరం చుట్టూ తిరిగి, కిటికీ కింద నేల మీద చతికిలబడింది. లోపల పాట మొదలవగానే బయటినుంచి అందుకుంది. చేలో ఈ సాలు నుంచి అవతలి గట్టుకు వినపడే గొంతు అది. రెండో చరణానికల్లా లోపలివాళ్లంతా ఆమె వెనక పాడుతున్నారు.

నెలకొకసారి బల్ల ఆదివారం వస్తుంది. ప్రభువు బల్ల మీద పెట్టిన ఒకే ఒక్క రొట్టె వరసల్లో చేతులు మారుతూ పోతుంది. ప్రతి మనిషీ తన చేత్తో ఒక ముక్క తుంచుకుని, మిగతాది పక్కవాళ్లకు అందించాలి. ఫిబ్రవరిలో ఆ రొట్టె లేయమ్మ దాకా పోలేదు. మార్చిలోనూ పోలేదు. రెండుసార్లూ ఆమె ఆరాధన అయిందాకా కూర్చుని, చొక్కా దులుపుకుని, మళ్లీ కోతకు పోయింది.

ఏప్రిల్ బల్ల ఆదివారమే తీతుకు సంఘం అప్పగించే రోజు. ఆ రోజు కూడా ఆ మనిషి కిటికీ కింద కూర్చుంటే చూడటానికి ఎంత వెలితిగా ఉంటుంది. శనివారం సాయంత్రం తీతు అయ్యగారి ఇంటికి వెళ్లాడు.

డెబ్బై నాలుగేళ్ల పరంజ్యోతి అయ్యగారు అరుగు మీద కాళ్లు చాపుకుని మోకాళ్లకు ఆముదం రాసుకుంటున్నారు. సంఘమంతా అమ్మగారని పిలిచిన ఆయన భార్య పోయి ఆరేళ్లయింది. తన వంట, తన ఉతుకు ఆయనే చూసుకుంటారు. దండెం మీద రేపటి జుబ్బా ఆరుతోంది. తీతు దాన్ని చూసి మనసులోనే బాధపడ్డాడు. నీలిమందు సరిగా కలపలేదు.

"అయ్యగారూ, రేపు సంఘం నాకిస్తున్నారు. ఆవిడ సంగతి మాత్రం మీరే తేల్చి ఇవ్వండి."

"ఎవరి సంగతి?"

"లేయమ్మ. నేను ఎన్నిసార్లు చెప్పినా ఆ చొక్కా తియ్యదు. మీరొక్క మాట చెబితే వింటుంది."

"నేను చెబితే నువ్వు వింటావా?"

"నేను విననిదెప్పుడు అయ్యగారూ?"

అయ్యగారు ఆముదం చేతులు పంచెకు తుడుచుకున్నారు. తీతుకు ప్రాణం విలవిల్లాడింది.

"ఆ చొక్కాకు కుడి మోచెయ్యి దగ్గర మాసిక ఉంటుంది. ఏ గుడ్డతో వేశారో చూశావా?"

"మాసికా? చూడలేదండీ."

"రెండు నెలలు వాకిట్లో నిలబెట్టావే."

"మగవాళ్ల చొక్కా అని చూశాను. అది చాలదా?"

"పోనీ, ఆమె చేతులు చూశావా?"

"లేదు."

అయ్యగారు మళ్లీ మోకాళ్లు రుద్దుకోసాగారు. ముసలితనంలో మాట ఒకచోట నిలవదు, ఏదో అడుగుతారు అని తీతు సరిపెట్టుకున్నాడు. పనిలో పనిగా తన మనసులో ఉన్న రెండో మాట కూడా బయటపెట్టాడు.

"ఇంకోటి అయ్యగారూ. అందరూ ఒకే రొట్టెని చేత్తో తుంచడం శుభ్రంగా ఉండదు. ముందే చిన్న ముక్కలు కోసి స్టీలు పళ్లెంలో పెడదామనుకుంటున్నా."

"రేపటికి నా పద్ధతే కానీ. ఎల్లుండి నుంచి నీ ఇష్టం."

అంతలో సంఘపెద్ద జెకర్యాగారు వచ్చారు. ఎరువుల కొట్టు, పదెకరాల మిరప ఉన్న మనిషి. రేపు తీతు భుజాల మీద కప్పడానికి కొత్త తెల్లశాలువా కొని తెచ్చారు. దాన్ని అరుగు మీద ఓ పక్కన పెట్టి, ఆకాశం వంక చూసి నిట్టూర్చారు.

"మబ్బు కమ్ముకుంటోంది అయ్యగారూ. కల్లం నిండా ఎండుకాయ పరిచి ఉంది. తడిస్తే ఏడాది కష్టం బూజు పడుతుంది. రేపు పొద్దున్నే ఎత్తించాలి."

"రేపు ఆదివారం కదా జెకర్యా."

"కూలివాళ్లు ఎత్తుతారు లెండి. మన ఆరాధన మనకుంటుంది, నేను వేళకు వస్తాను. ఈ ఏడు కాయ చూడాలి మీరు, ఏం ఘాటనుకున్నారు. మిర్చి యార్డులో ఒకడు ముట్టుకుని పొద్దుపోయేదాకా కళ్లు తుడుచుకున్నాడు."

"అంత ఘాటా?" అన్నారు అయ్యగారు.

"ఈ చుట్టుపట్ల అలాంటి కాయ లేదు," అన్నారు జెకర్యాగారు.

ఆదివారం పొద్దున మబ్బు కదల్లేదు, చినుకు పడలేదు. మందిరం నిండిపోయింది. ఎటు చూసినా తెలుపే. తీతు ఆఖరిసారి వాకిట్లో నిలబడ్డాడు, రేపటి నుంచి ఆ పనికి ఇంకొకర్ని చూసుకోవాలి. గాజుల పెట్టె మూత తీసి ఉంది. కొక్కేలకు చీరలు మూడూ గంజిపెట్టి ఉన్నాయి.

లేయమ్మ వచ్చింది. ఆ రోజు చేలోంచి కాదు, కల్లంలోంచి. కనుబొమల దాకా ఎర్రటి దుమ్ము. ఆమె గుమ్మం దగ్గరికి రాకముందే తీతుకు తుమ్ము వచ్చింది. వద్దనుకుంటూనే అతని కళ్లు ఆమె కుడి మోచేతి మీదకు పోయాయి. నల్లటి గుడ్డ మాసిక. గొడుగు గుడ్డలా ఉంది.

అతని చెయ్యి గుమ్మం మీదకు లేవబోయింది.

"కట్టపడబాకండి చిన్నయ్యగారూ," అంది లేయమ్మ. "నాకు దోవ తెలుసు."

ఆమె కిటికీ వైపు వెళ్లిపోయింది. తీతు తలుపు దగ్గరకు వేసి లోపలికి నడిచాడు.

పాటలు అయ్యాయి. అయ్యగారు తీతును ముందుకు పిలిచి, మోకరించమని, తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. జెకర్యాగారి చేతిలోంచి శాలువా అందుకుని అతని భుజాల మీద కప్పారు. ఆడవాళ్ల వరసల్లో ఎవరో సంతోషంతో ఏడ్చారు. తీతు శాలువా అంచు సర్దుకున్నాడు. ఈ ఘడియ కోసమే కదా ఐదేళ్లు.

అయ్యగారు బల్ల మీద గుడ్డ తొలగించి, రొట్టె తీసి అతని రెండు చేతుల్లో పెట్టారు.

"ఇవాళ నువ్వు విరువు." తర్వాత వరసలు కలియజూశారు. "అందరూ వచ్చినట్టేనా?"

"అందరూ వచ్చారు అయ్యగారూ," అన్నారు జెకర్యాగారు.

కిటికీ బయట ఎవరో దగ్గారు.

"అదెవరు?"

జెకర్యాగారే గొంతు సవరించుకున్నారు. "లేయమ్మ. మన నియమం ప్రకారం రాలేదు కాబట్టి..."

"మన నియమం ఎవరు పెట్టారు?"

"మీరే కదండీ."

"అవును, నేనే. రెండు నెలలు మీలో ఒకరన్నా అడుగుతారని చూశాను. ఆ చొక్కా ఎవరిదో మీలో ఎవరికన్నా తెలుసా?"

వెనక వరసలో ముసలి ఆడవాళ్లు కొంతమంది తలలు దించుకున్నారు. వాళ్లకు తెలుసు. తెలిసీ రెండు నెలలు నోరు మెదపలేదు.

"నాది," అన్నారు అయ్యగారు. "నా చొక్కా తొడుక్కుని మీ అమ్మగారు ఇరవై ఏళ్లు కోతలకు పోయింది. నేను వాక్యం చెప్పుకుంటూ తిరిగితే, ఆమె కాయ కోసి ఇంట్లో పొయ్యి వెలిగించింది. మనం కూర్చున్న ఈ మందిరం మీద మొదటి రేకులు ఆ కూలితోనే పడ్డాయి. మోచెయ్యి చిరిగితే పాత గొడుగు కోసి మాసిక వేసుకుంది. జెకర్యా, మీ నాన్న చేలోనే కోసింది. నువ్వు గట్టు మీద ఆడుకుంటుండేవాడివి."

జెకర్యాగారు కింద చూశారు.

"ఆమె పోయాక లేయమ్మకు ఇచ్చింది నేను. మీ అమ్మగారు ఈ బల్ల దగ్గరికి ఎన్నోసార్లు ఆ చొక్కాతోనే వచ్చింది. అప్పుడు మనకింకా తెల్లబట్టలు అందరికీ లేవు. ఆ చొక్కా తప్పయితే, తొడుక్కున్నామె కంటే ఇచ్చినవాడిది ముందు తప్పు. నేనూ బల్లకు తగను."

ఆయన చేతికర్ర అందుకున్నారు.

జెకర్యాగారు లేచి అడ్డం వచ్చారు. "అయ్యగారూ, పదిమందిలో ఇదేం పని. సంఘం చేతులు మారే రోజు."

"రేపయితే నా మాట చెల్లదుగా. అందుకే ఇవాళ."

"మీ మోకాళ్లు. నేల మీద కూర్చుంటే మీరు మళ్లీ లేవలేరు."

"లేస్తానని నేనన్నానా?"

కర్ర చప్పుడు గుమ్మం దాటింది, గోడ వెంట పోయి, కిటికీ దగ్గర ఆగింది. ఒక మూలుగు వినపడింది. కిటికీ చువ్వల్లోంచి చూస్తే ఒక నెరిసిన తల, దాని పక్కన తువ్వాలు చుట్టిన తల.

"మీరెందుకయ్యగారా ఈ దుమ్ములోకి?" లేయమ్మ గొంతు నెమ్మదిగా ఉన్నా లోపలికి వినపడుతూనే ఉంది.

"చొక్కా నాది కదమ్మా."

"ఇచ్చినాక నాది."

ఇద్దరూ నవ్వారు. లోపల ఒక్కరూ నవ్వలేదు.

తీతు రొట్టె పట్టుకుని బల్ల వెనక నిలబడి ఉన్నాడు. భుజాల మీద కొత్తశాలువా, దాని మడతలు కూడా ఇంకా పోలేదు. నిన్నటిదాకా గురువు ముందుంటే వెనక నడవడమే అతని పని. ఇప్పుడు గురువు బయట మట్టిలో ఉన్నారు, సంఘం అతని వైపు చూస్తోంది. అతనికి గురువు మీద కోపం కూడా వచ్చింది. ఇంతమందిలో ఇలా నిలబెట్టేసి పోతారా అనుకున్నాడు. ఆ మాట అనుకోగానే చెవులు వేడెక్కాయి. ఒక మనిషిని రెండు నెలలు తను నిలబెట్టింది కూడా ఇంతమందిలోనే.

"కానివ్వండి చిన్నయ్యగారూ," జెకర్యాగారు దగ్గరికొచ్చి గుసగుసగా అన్నారు. "ఆయన పెద్దవారు, సాయంత్రం నచ్చజెబుదాం. రొట్టె విరవండి."

తీతు రొట్టె విరవలేదు. దాన్ని రెండు చేతుల్లో పట్టుకునే వరసల మధ్య నడిచాడు.

"అయ్యో, రొట్టె గడప దాటిస్తున్నారు," అన్నారు జెకర్యాగారు. తీతు తిరిగి చూడలేదు. తలుపు మోచేత్తో తోసుకుని, గోడ వెంట నడిచి, కిటికీ కింద వాళ్లిద్దరి ఎదురుగా దుమ్ములో కూర్చున్నాడు. లోపలివాళ్లు కిటికీ దగ్గర మూగారు.

"తుంచుకో అక్కా."

ఇన్నాళ్లూ అతను ఆమెను పైనుంచే అమ్మా అని పిలిచాడు. ఆమె ఆ తేడా గమనించిందో లేదో గానీ, రొట్టెకు చెయ్యి చాపలేదు. రెండు అరచేతులూ తిప్పి చూపించింది.

తీతు మొదటిసారి ఆ చేతులు చూశాడు. గోళ్ల పక్కన తోలు లేచిపోయి ఉంది. వేళ్లు ఉబ్బి, కణుపుల దగ్గర పగిలి ఉన్నాయి. గీతల్లో ఎరుపు దిగి ఉంది.

"పొద్దున్నించి కల్లంలో తాలుకాయ ఏరి, మంచికాయ బస్తాలకెత్తి వస్తన్నా. పంపు కాడ మూడుసార్లు కడిగా. నీళ్లకి పోయే కారం కాదు ఇది. మీరే తుంచి నా నోట్లో ఎయ్యండి."

తీతు గురువు వైపు చూశాడు. అయ్యగారు మబ్బును చూస్తున్నారు. ఏ సాయమూ చెయ్యదల్చుకున్నట్టు లేదు.

ఒక ముక్క తుంచి నోట్లో పెట్టడం చాలా తేలిక. చూసేవాళ్లకు కూడా ముచ్చటగా ఉంటుంది. తీతు కాసేపు ఆ చేతుల్నే చూశాడు.

"ఇక్కడ అందరూ ఎవరి చేత్తో వాళ్లే తుంచుకుంటారక్కా. నువ్వూ తుంచు."

"మళ్లీ లోపలికి పోయే రొట్టె ఇది. మండుద్ది చిన్నయ్యగారూ."

"తెలుసు."

తెలుసన్నాడే గానీ అతనికి తెలియదు.

లేయమ్మ అతని మొహంలోకి చూసింది. వేళాకోళం చేస్తున్నాడేమోనని చూసినట్టుంది. తర్వాత రెండు చేతులా రొట్టె పట్టుకుని, బొటనవేళ్లు గట్టిగా నొక్కి తుంచింది. కళ్లు మూసుకుని తింది. రెండు నెలల తర్వాత తింటున్న మనిషి తొందరపడలేదు. మిగతాది అయ్యగారికి ఇచ్చింది. ఆయన తుంచుకుని తీతుకు ఇచ్చారు.

తీతు తుంచుకున్నాడు. పెదవికి తగలగానే చురుక్కుమంది. నాలుక మీద నిప్పు పెట్టినట్టయింది, అది గొంతులోకి దిగి చెవుల్లోకి ఎక్కింది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. రొట్టె పట్టుకున్న వేళ్లు కూడా మండుతున్నాయి. ఆమె ఈ చేతులతోనే అన్నం తింటుంది, ఈ చేతులతోనే మొహం కడుక్కుంటుంది.

"ఇక లేద్దామా అయ్యగారూ?" అన్నాడు, మాట పెగిలాక.

"నువ్వు లేపితే లేస్తాను."

తీతు మిగిలిన రొట్టెను ఆయన చేతికిచ్చాడు. ఒక పక్క తను, ఒక పక్క లేయమ్మ ఆయన్ని లేవనెత్తారు. ఆసరాకు ఆమె తీతు భుజం పట్టుకుంది. కొత్తశాలువా మీద నాలుగు వేళ్లు ఎర్రగా పడ్డాయి. అతను చూశాడు, దులుపుకోలేదు. ముగ్గురూ గుమ్మం దాటి, గాజుల పెట్టె పక్కనుంచి, కొక్కేల పక్కనుంచి లోపలికి నడిచారు. లేయమ్మ చొక్కా గుండీలు మెడదాకా పెట్టే ఉన్నాయి. ఆమె తల వంచుకోలేదు. ఆడవాళ్ల ముందు వరసలో నడిమధ్య చోటు చూసుకుని కూర్చుంది. అటూ ఇటూ ఉన్నవాళ్లు తుమ్మారు, అయినా జరగలేదు.

రొట్టె వరసల్లోకి పోయింది.

మొదటి వరసలో పైటలు కళ్లకు చేరాయి. రెండో వరసలో దగ్గు మొదలైంది. కోతలకు పోయే ఆడవాళ్లు మాత్రం మామూలుగా నమిలి మింగేశారు. వాళ్లు కూడా పొద్దున కల్లంలోంచే వచ్చారు, తెల్లచీరల కింద వాళ్ల చేతులూ అవే చేతులు. వాళ్లు తుంచిన కొద్దీ రొట్టె ఇంకాస్త ఎర్రబడింది. ఎవరో ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

చివరికి రొట్టె జెకర్యాగారి దగ్గరికి వచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని చాలాసేపు చూశారు. తుంచకుండా పక్కకిస్తే సంఘమంతా చూస్తుంది. చిటికెడంత తుంచి నోట్లో వేసుకున్నారు. చిటికెడే అయినా ఆయన మొహం కందగడ్డలా అయింది. దగ్గు ఆగలేదు. తెల్ల జుబ్బా మీద కన్నీళ్లు టపటపా రాలాయి. నీళ్లు, నీళ్లని చేత్తో సైగ చేశారు.

పరంజ్యోతి అయ్యగారు కళ్లు తుడుచుకుంటూ ఆయన వీపు నెమ్మదిగా నిమిరారు.

"నీ కల్లంలో కాయే జెకర్యా. నువ్వు చెప్పింది నిజమే, ఘాటు బాగుంది."

నీళ్లకుండ తీతు పక్కనే ఉంది. గ్లాసు ముంచి జెకర్యాగారికి ఇచ్చాడు. రెండో గ్లాసు ముంచి అయ్యగారికి ఇచ్చాడు.

తను మాత్రం తాగకుండా కుండకు మూత పెట్టేశాడు.